ఏడో నంబరు గొట్టం

ఫిబ్రవరి 6

"నీ స్కాను బొమ్మలు రిపోర్టులో మొదటి పేజీలోనే పడతాయి, నీ పేరుతో సహా. ఇది నా మాట." ముప్పై ఒక్క ఏళ్ళ కిందట బావ నా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు. జలాశయం కట్ట తెగాక రిపోర్టు వచ్చింది. నలభై రెండు పేజీలు. మొదటి పేజీలో లేవు, చివరి పేజీలో లేవు, మధ్యలో వెతికినా లేవు. విచారణలో ఆయన లేచి నిలబడి, "మట్టికి స్కానింగు చేయించలేదు, నా అంచనా మీదే నిర్ణయం తీసుకున్నాను" అన్నాడు. నేను మూడో వరసలో కూర్చుని విన్నాను. ఆ రోజు నుంచి ఆయనతో మాటల్లేవు. రెండేళ్ళ కిందట పోతే చూడ్డానికి కూడా వెళ్ళలేదు. అక్క ఫోను చేసింది. విని పెట్టేశాను.

ఇవాళ పేపర్లో వార్త. మేమిద్దరం పనిచేసిన మట్టి పరిశోధన కేంద్రంలో కొత్త ల్యాబు వస్తోందట. మట్టిని చెదరగొట్టకుండా దాని లోపల ఏముందో స్కాను తీసి చూసే ల్యాబు. దానికి బావ పేరు పెడతారట. కట్ట కట్టే ముందు మట్టికి స్కాను తప్పనిసరి చేయమని చివరిదాకా అర్జీలు పెట్టింది ఆయనేనట.

స్కానింగే చేయించలేదని ప్రమాణం చేసినవాడి పేరు, స్కానింగు ల్యాబుకి.

పేపరు మడిచి చెప్పుల స్టాండు మీద పరిచాను.

ఫిబ్రవరి 7

డైరెక్టరుకి పిటిషను పంపాను. చిత్తుప్రతి ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను, రేపు మాట మార్చానని ఎవరూ అనకుండా.

"ఊరికి మంచినీళ్ళిచ్చే జలాశయం కట్ట ఎత్తు పెంచే ముందు, కట్ట పాదం దగ్గర మట్టి ఎంత గట్టిగా ఉందో చూడమని అప్పటి సెక్షన్ హెడ్డు నన్ను పంపారు. ఆయన మా అక్క భర్త. పన్నెండు చోట్ల మీటరు పొడుగు ప్లాస్టిక్ గొట్టాలు దిగ్గొట్టి, మట్టి ఉన్నది ఉన్నట్టు పైకి తీసి, రెండు వైపులా మైనం పోసి మూశాను. రోగులు తక్కువగా ఉండే ఆదివారాలు పెద్దాసుపత్రికి మోసుకెళ్ళి సీటీ స్కాను తీయించాను. మట్టి దట్టంగా ఉన్నచోట బొమ్మ తెల్లగా, వదులుగా ఉన్నచోట నల్లగా వస్తుంది. ఏడో నంబరు గొట్టంలో నల్లటి పొర కనిపించింది. రాసిచ్చాను. ఎక్కడుందో కూడా రాశాను. సెక్షన్ హెడ్డు దాన్ని తొక్కిపెట్టారు. కట్ట ఎత్తు పెరిగింది, నీళ్ళు నింపారు. సరిగ్గా ఏడో గొట్టం తీసిన చోట కట్ట తెగింది. కింద ఇటుక బట్టీల దగ్గర గుడిసెల్లో నిద్రపోతున్న పదకొండు మంది పోయారు. అలాంటి మనిషి పేరు ఏ గోడ మీదా ఉండకూడదు."

బాగా వచ్చింది. ఒక్క విశేషణం ఎక్కువ లేదు. ఈ గదిలో రెండువేల పుస్తకాలు ఊరికే చదవలేదు నేను.

ఫిబ్రవరి 10

డైరెక్టరు ఫోను. ఈయన తిట్టినా నవ్వుతూనే ఉంటాడు, ఎవరైనా పోయారని చెప్పినా నవ్వుతూనే ఉంటాడు.

"సార్, మీరు పెద్దవారు. మీ మాట కాదంటామా? మార్చి మూడున కమిటీ కూర్చుంటుంది. మాటతో పాటు ఒక చిన్న సాక్ష్యం ఏదైనా ఉంటే..."

"గొట్టాలు మీ స్టోరులోనే ఉన్నాయి. తీసి చూసుకోండి."

"చూశాం సార్. పదకొండున్నాయి. ఏడోది లేదు."

రిజిస్టరులో ఉందట. ఏడో గొట్టం తీసుకున్నట్టు బావ సంతకం, కట్ట తెగిన మర్నాటి తేదీ.

ఇంకేం కావాలి సాక్ష్యం? దొంగ సొమ్ము దాచుకున్న రోజు కూడా రాసి సంతకం పెట్టాడు.

ఫిబ్రవరి 11

పొద్దుటి నుంచీ మనసు హుషారుగా ఉంది. రెండు పూటలా తిన్నాను.

ఫిబ్రవరి 15

మేనకోడలు వచ్చింది. బావకీ అక్కకీ ఒక్కతే కూతురు. చిన్నప్పుడు నిమిషం కూర్చునేది కాదని పిచ్చుక అనేవాణ్ణి. ఇప్పుడు యాభై దగ్గరపడింది, పెద్దాసుపత్రిలో స్కానింగు డాక్టరు. తండ్రితో నేను మాట మానేశాక కూడా ఏడాదికొకసారి వచ్చి నా బీపీ చూసి, తిట్టి పోతుంది.

ఇవాళ చంకలో దుప్పటి చుట్టిన పొడుగాటి మూట.

"ఏమే, శవాన్ని తెచ్చావా?"

"నీ పిటిషను తెచ్చాను మామయ్యా. డైరెక్టరు అమ్మకో కాపీ పంపాడు. నవ్వు మొహం బొమ్మ ఒకటే తక్కువ."

దుప్పటి విప్పింది. ఏడో నంబరు గొట్టం. నా చేతిరాత, నేను పోసిన మైనం. నాన్న బీరువా వెనక నిలబెట్టి ఉంచాడట ఇన్నేళ్ళూ.

"ఎందుకు దాచాడో అడగలేదా ఎప్పుడూ?"

"అడిగాను. మట్టే కదా, తినదు తాగదు, ఉండనీ అన్నాడు."

"చూశావా! మింగనూ లేక, కక్కనూ లేక..."

"మామయ్యా," అంది, "ఆదివారం మా మిషను మీద పెట్టి మళ్ళీ తీస్తాను. నువ్వూ రా. నువ్వు చెప్పిందే నిజమైతే ఆ బొమ్మలు నేనే కమిటీకిస్తాను. నాన్న పేరు నేనే తీయిస్తాను. కాకపోతే?"

"కాకపోవడం అనేది లేదు."

"కాకపోతే పిటిషను వెనక్కి తీసుకుంటావా?"

తీసుకుంటానన్నాను. నాకేం భయం?

ఫిబ్రవరి 18, ఆదివారం

ఆసుపత్రి మారిపోయింది. మిషను గది ఆ రోజుల్లో నేలమాళిగలో ఉండేది, ఇప్పుడు మూడో అంతస్తు. గొట్టాన్ని రోగి పడుకునే బల్ల మీద పడుకోబెట్టి, దొర్లకుండా పిచ్చుక రెండు వైపులా దిండ్లు పెట్టింది. మిషను పేరు ఇస్తే తప్ప కదలదట.

"పేషెంటు పేరు?"

"ఏడు."

"వయసు?"

"నాకంటే పెద్దదే."

"ఆడా, మగా?"

"నోరు మూసుకుని ఇన్నేళ్ళు బీరువా వెనక నిలబడింది. మగైతే కాదు."

ఆపరేటరమ్మాయి కిసుక్కున నవ్వింది. చాలా కాలం తర్వాత నా మాటకి ఎవరైనా నవ్వడం.

ఆ రోజుల్లో స్కాను అంటే దోసకాయ చక్రాలు కోసినట్టు. ఒక్కో చోట అడ్డంగా ఒక గుండ్రటి బొమ్మ, అలాంటివి నలభై, పెద్ద ఫిల్ము మీద వరసగా. ఏ చక్రం తర్వాత ఏది అన్నది మన బుర్రలో పేర్చుకోవాలి. ఇప్పుడు మిషనే చక్రాలన్నీ అతికి, గొట్టం నిలువునా ఎదుట నిలబెడుతుంది. అద్దంతో చేసిన గొట్టంలోకి చూసినట్టు.

ఉంది. నల్లటి పొర ఉంది. గొట్టం ఒక చివర, రెండు జానల మేర, చిల్లులు చిల్లులుగా, బొగ్గులా. మిగతా అంతా పాల తెలుపు.

"చూశావా! చూశావుటే!" అని అరిచాను. ఆపరేటరమ్మాయి తలుపు వేసింది.

పిచ్చుక బొమ్మని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. "నువ్వు ఇంటికి వెళ్ళు మామయ్యా, తర్వాత చెప్తాను" అంది.

పాపం. ఎంతైనా తండ్రి కదా.

ఫిబ్రవరి 19

కమిటీ ముందు ఏం మాట్లాడాలో రాసుకున్నాను. మూడు పేజీలు. క్షమించానని ఒక వాక్యం పెట్టి, కొట్టేశాను.

ఫిబ్రవరి 20

ఫోను లేదు.

ఫిబ్రవరి 21

లేదు.

ఫిబ్రవరి 22

సాయంత్రం ల్యాప్‌టాపుతో వచ్చింది. కాఫీ పెడతానంటే వద్దంది. గొట్టం బొమ్మ తెర మీద పెట్టి, "పైన ఏ వైపు?" అని అడిగింది.

"ఎర్రరంగు పట్టీ ఉన్న వైపు. పైచివర ఎర్రరంగు పూయడం నా పద్ధతి. నేను తీసిన ఏ గొట్టమైనా చూడు."

"అయితే నల్ల పొర పైన ఉన్నట్టు. కట్ట పాదం దగ్గర నేల మీది మట్టి వదులు, కింద గట్టి."

"అవును... ఉండు."

"నువ్వు రాసిచ్చింది కూడా అదేనని అమ్మ అంటోంది మామయ్యా. పైమట్టి వదులు, గీకేసి రోలరు తిప్పితే చాలు అని."

ఏం రాశానో నాకెలా గుర్తుంటుంది ముప్పై ఏళ్ళ తర్వాత? వదులు పొర ఉందని రాశాను. అది గుర్తుంది. అదే ముఖ్యం.

"ఇవి చూడు." వేలితో చూపించింది. తెల్లటి మట్టిలో సన్నటి నల్లగీతలు. "గడ్డి వేళ్ళు కుళ్ళిపోయి మిగిలిన దారులు. ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు రోజూ చూస్తాను కాబట్టి కళ్ళకి ఆనాయి. మొదట్లో లావుగా ఉండి, పోనుపోను చీలి సన్నమవుతాయి. ఇక్కడ లావు చివర ఎటుంది?"

ఎర్రరంగు లేని వైపు ఉంది. వేళ్ళన్నీ అడుగున పుట్టి, ఆకాశం వైపు చీలి సన్నమవుతున్నాయి.

"గడ్డి తలకిందులుగా మొలవదు మామయ్యా."

మిషను తిప్పేసి ఉంటుందన్నాను. తిప్పదంది. బల్ల మీద నువ్వే తిరగేసి పెట్టావన్నాను. మిషను లెక్క ఎర్ర పట్టీ నుంచే మొదలుపెట్టానంది. మీ నాన్న మైనం ఊడదీసి మట్టి మార్చి ఉంటాడన్నాను. ఆ మాటకి లేచి నిలబడింది. ల్యాప్‌టాపు మూసి, "బీపీ మాత్ర వేసుకో" అని వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 23

రంగు పూసింది జీపు డ్రైవరు కావచ్చు. ఆ రోజు అతనే సాయం పట్టాడు. చదువు లేదు, పైచివరేదో కిందదేదో అతనికేం తెలుసు? అతనే అయి ఉంటాడు. పోయాడు కూడా.

ఫిబ్రవరి 24

డ్రైవరు కాదు.

ఫిబ్రవరి 25

రాయడానికి కూర్చుని ఇది నాలుగోసారి. రాస్తాను.

ఏడో చోట గొట్టం పైకి లాగితే అడుగు నుంచి నీళ్ళమట్టి జారిపోతోంది. అదొక్కటే చాలు, బుద్ధి ఉన్నవాడికి అక్కడే తెలియాలి, అడుగు వదులని. నాకు ఉన్న మట్టిని కాపాడుకోవాలన్న ధ్యాస తప్ప ఇంకోటి లేదు. అరచేయి అడ్డం పెట్టి, గొట్టాన్ని తిరగేసి, తలకిందులుగా జీపులో నిలబెట్టాను. అప్పటికి రంగు డబ్బా ఎండిపోయింది. మిగతా పదకొండింటికీ అక్కడికక్కడే పూశాను. దీనికి మర్నాడు పొద్దున కొత్త డబ్బా తెప్పించి ఆఫీసులో పూశాను. పైన ఉన్న చివరకి.

పైన ఉన్న చివరకి.

ఆ తర్వాత వానపడ్డ మట్టి రంగు చూసి ఎన్నోసార్లు అరచేతి వైపు చూసుకున్నాను. ఎందుకో తెలియదనుకునేవాణ్ణి.

ఫిబ్రవరి 27

అక్క దగ్గరికి వెళ్ళాను. ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత ఆ గుమ్మం ఎక్కడం. ఎనభై దాటింది, చెవి మందగించింది, నోరు మందగించలేదు.

"వచ్చావా? చెప్పులు బయట విప్పు. కోపం కూడా అక్కడే విప్పు, కుర్చీ ఒకటే ఉంది."

కూర్చున్నాను. పిచ్చుక లోపల గదిలో ఉంది, బయటికి రాలేదు.

"నీకు తెలుసా అక్కా?" అన్నాను.

"ఏది? నువ్వు తిరగేసి పెట్టిన సంగతా? కట్ట తెగిన మర్నాడే తెలుసు. ఆయన గొట్టం ఇంటికి తెచ్చి, ఎర్రరంగు లేని చివర మైనం గీకి చూశాడు. గడ్డిదుబ్బు ఉంది. ఆ దుబ్బు పట్టుకుని పిల్లాడిలా ఏడ్చాడురా."

"మళ్ళీ ఆ మైనమే కరిగించి మూసిపెట్టాడు" అంటూ లేచింది.

బీరువాలోంచి కవరు తెచ్చి ఒళ్ళో పడేసింది. నా ఫిల్ము. దాంతో పాటు నా చీటీ. "పైన రెండు జానలు వదులు. అడుగు గట్టి. పైమట్టి గీకి రోలరు తిప్పితే చాలు." నా సంతకం, వంకర లేకుండా, నిండుగా.

"ఇది విచారణలో పెట్టి ఉంటే?" అంది అక్క. "పదకొండు మంది తాలూకు జనం ఎవరి ఇంటి మీదికి వచ్చేవాళ్ళు? జైల్లో ఎవడు కూర్చునేవాడు? నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. నేను పట్టుకోకపోయినా అదే చేసేవాడు. స్కానింగే లేదన్నాడు, తప్పు నాదన్నాడు. ఎనిమిదేళ్ళు ఎక్కడో మారుమూల ఆఫీసులో గుమాస్తా పని చేశాడు. నువ్వేమో మొహం తిప్పుకుని తిరిగావు."

"నాకొక్క మాట చెప్పచ్చుగా!"

"చెప్తే ఏం చేసేవాడివి? ఉరేసుకునేవాడివి. లేకపోతే కాదని వాదించేవాడివి. రెండోదే ఎక్కువ నమ్మకం నాకు."

నా ఒళ్ళోని ఫిల్ము వైపు చూపించి అంది. "అడగనైతే అడిగాడు కదరా. తెగడానికి నాలుగు రోజుల ముందు. ఫిల్ము చంకలో పెట్టుకుని వానలో నీ ఇంటికే వచ్చాడు. గుర్తులేదూ?"

ఉంది. ఇన్నాళ్ళూ లేదు, ఆవిడ అనగానే ఉంది. గుమ్మంలో నిలబడ్డాడు, గొడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. వెలుతురుకి ఫిల్ము ఎత్తి పట్టుకుని, "ఒక చిన్న అనుమానం. ఈ చుక్కలు వేళ్ళే కదా? కిందికి పోయేకొద్దీ లావవుతున్నాయేంటి? వేళ్ళు అలా లావవుతాయా?" అన్నాడు.

ఆ వారమే మీటింగులో నలుగురి ముందు నా లెక్కలో తప్పు పట్టుకున్నాడు. ఆ మంట మీదున్నాను. లోపలికి రమ్మనలేదు. ఫిల్ము వైపు చూడనైనా చూడలేదు. "మీరు కుర్చీ సంగతి చూసుకోండి బావగారూ, మట్టి సంగతి నాకొదిలేయండి. ఎర్రరంగు నా చేత్తో పూశాను" అన్నాను.

ఆయన నవ్వాడు. "సరే, నువ్వు అన్నావంటే సరే" అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

"కమిటీకి అంతా రాసిస్తాను అక్కా," అన్నాను. "తప్పు నాదేనని. ఆ చీటీ కూడా పెడతాను."

"నోరు మూసుకో."

"ఆ పదకొండు మందికైనా..."

"ఆ పదకొండు మందా? నీ పిటిషన్లో తప్ప ఇన్నేళ్ళలో ఎక్కడ తలచుకున్నావు వాళ్ళని? ఒక్క ఇంటికైనా వెళ్ళావా? ఆయన వెళ్ళాడు. ఏటా వెళ్ళాడు, మొదటి రెండేళ్ళూ రాళ్ళు వేశారు, అయినా వెళ్ళాడు. ఇప్పుడు నువ్వు నిజం చెప్తే నీకు గుండె బరువు దిగుతుంది, నాకేమో మొగుడు ప్రమాణం చేసి అబద్ధమాడినవాడవుతాడు. ఆయన మోసినది నువ్వు దించడానికి వీల్లేదు. నీకు ఆ సుఖం లేదు, పో."

వచ్చేటప్పుడు పిచ్చుక మెట్ల దాకా వచ్చింది. "నా మనసు చెప్పమనే అంటోంది మామయ్యా. కానీ అది అమ్మ ఉన్నన్నాళ్ళూ కాదు" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

మార్చి 1

నిజమంతా రాశాను. పదకొండు పేజీలు. సంతకం పెట్టాను.

చించాను.

మార్చి 2

"జ్ఞాపకం పొరపాటు పడినందున నా పిటిషను ఉపసంహరించుకుంటున్నాను." ఒకే వాక్యం. పోస్టులో వేస్తే రేపటి కమిటీకి అందదని నేనే వెళ్ళి ఇచ్చాను. డైరెక్టరు లేచి నిలబడి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇంత పెద్ద మనసు ఈ రోజుల్లో ఎవరికుంటుంది సార్" అన్నాడు. ప్రారంభోత్సవంలో నాలుగు మాటలు మాట్లాడమన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు.

మార్చి 3

కమిటీ అయిదు నిమిషాల్లో లేచిందట.

మార్చి 5

బయటికి వెళ్ళలేదు.

మార్చి 8

ఇటుక బట్టీల దాకా వెళ్ళాను. బట్టీలు లేవు, లారీలు నిలిపే స్థలం. కాపలా మనిషి "ఎవరు కావాలి?" అన్నాడు. ఎవరూ వద్దన్నాను. "అయితే ఎందుకొచ్చినట్టు పెద్దాయనా, ఎండలో?" అన్నాడు. పదకొండు మందిలో ఒక్కరి పేరైనా నాకు తెలియదు. పిటిషన్లో అంకె రాశాను, అంతే.

మార్చి 12

ఇవాళ ల్యాబు తెరిచారు. వెళ్ళలేదు. పిచ్చుక ఫోటో పంపింది, నల్లరాతి మీద తెల్లక్షరాలతో బావ పేరు, పక్కన అక్క కుర్చీలో, కెమెరా వైపు కాకుండా ఎటో చూస్తూ.

ఇది నాకోసమే రాసుకుంటున్నాను. గొట్టం తిరగేసింది నేను. రంగు పూసింది నేను. అడగడానికి వచ్చినవాణ్ణి గుమ్మంలోంచే పంపేసింది నేను. ఇవన్నీ ఒప్పుకున్నాక కోపం పోవాలి. పోలేదు. పొద్దున లేచేసరికి ఎప్పటిలాగే ఛాతీలో ఉంది. ఎవరి మీదా అని వెతుక్కున్నాను. నా మీద ఉన్నది కోపం కాదు, అది వేరే, దానికి నా దగ్గర మాట లేదు.

ఆయన పొలం గట్ల మీద పుట్టి పెరిగినవాడు. వేరు ఎటు లావో, ఎటు సన్నమో పుస్తకం చూడక్కర్లేదు ఆయనకి. ఫిల్ము చేతిలోనే ఉంది. తప్పు కళ్ళెదుటే ఉంది. నా పైఅధికారి, నాకంటే పెద్దవాడు, వరసకి నన్ను కొట్టే హక్కున్నవాడు. నన్ను పక్కకి తోసి లోపలికి రావాల్సింది. కాలరు పట్టుకుని ఆ చుక్కలు చూపించాల్సింది. "నీ తలకాయ" అని ఒక్క మాట అని, మళ్ళీ తవ్వించాల్సింది. నాలుగు రోజులున్నాయి. పదకొండు మందీ ఆ నాలుగు రోజులూ బతికే ఉన్నారు. ఆయన మాత్రం నా మొహం చూసి, నేను చెప్పానని, నేను చెప్పాను కాబట్టి, సరే అన్నాడు.

నన్ను ఎందుకు నమ్మాడు? ఎవరు నమ్మమన్నారు? దానికి మాత్రం ఇవాళ్టికీ నేను తప్పుపట్టేది ఒక్కణ్ణే, మా అక్క మొగుణ్ణి, మా బావని.